వాగు దాకా పద్నాలుగు గొలుసులు

“మీలో ఎవరైనా ఈ టేపు కొస కాస్త పట్టుకుంటారా?”

న్యూజెర్సీ వాయవ్య మూలన, అడవిలో, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దావిడ మాతో అన్న మొదటి మాట అది. ఎవరు మీరని గానీ, ఎక్కడి నుంచి వచ్చారని గానీ అడగలేదు. డెబ్బై దాటి ఉంటాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తల మీద ఉన్ని టోపీ, మెడలో దారానికి వేలాడుతున్న పెన్సిలు. నేను టేపు కొస పట్టుకున్నాను. ఆవిడ రెండో వైపు లాక్కుంటూ ముళ్ళపొదల్లోకి వెళ్ళి కనిపించకుండా పోయారు.

నా స్నేహితురాలు నా పక్కకి జరిగి మెల్లగా అంది. “అక్కా, మనం దారి తప్పినమని ఈమెకు చెప్దామా, ముందు కొలత అయిపోనిద్దామా?”

“ముందు కానీ,” అన్నాను.

మేమిద్దరం జెర్సీ సిటీలో ఒకే అపార్ట్‌మెంట్ భవనంలో ఉండేవాళ్ళం. తనది కరీంనగర్ వైపు, నాది బాపట్ల దగ్గర. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. షుగర్ వచ్చేలా ఉంది, నడవకపోతే మందులు తప్పవని డాక్టరు నన్ను హెచ్చరించినప్పటి నుంచి రోజూ సాయంత్రం నది ఒడ్డున నడిచేవాళ్ళం. ఏడాది గడిచేసరికి ఆ ఒడ్డున ఏ బెంచీ ఎక్కడ విరిగిందో కూడా కంఠతా వచ్చేసింది. అక్టోబరులో ఒకరోజు తనే అంది, “గీ రేలింగ్ ఇంకెన్నిసార్లు చూస్తం అక్కా. శనివారం నేను కార్ తీస్త. చెట్లున్న కాడికి పోదాం.”

గంటన్నర పడమరకి డ్రైవ్ చేసి, ఎప్పుడో పూడిపోయిన ఒక పాత కాలువ గట్టు పక్కన కారు ఆపాం. గట్టు మీద నడుస్తూ మాటల్లో పడి ఎక్కడో పక్కదారి పట్టాం. ఫోన్‌లో సిగ్నల్ పోయింది. కాసేపటికి ఒక రాతిగోడ తగిలింది. గోడ వెంట పోతే ఏదో ఒక ఇల్లు వస్తుందని నడిచాం. ఇల్లు రాలేదు, ఆవిడ వచ్చారు.

కొలత అయ్యాక ఆవిడ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చారు. ఆ ఊరి బడిలో నలభై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరయ్యారట. ఇప్పుడు పాత పటాలు పెట్టుకుని చుట్టుపక్కల పొలాలన్నీ తిరుగుతున్నారు. నేను గోడ వైపు చూపించి అడిగాను. నడుము ఎత్తు కూడా లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చినది. ఇంత అడవి మధ్యలో గోడ ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు?

“ఎవరూ కట్టరు,” అన్నారావిడ. “ఇది కట్టినప్పుడు ఇక్కడ అడవి లేదు.”

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. నేను అడవి అనుకుంటున్నదంతా ఒకప్పుడు దున్నిన పొలం. దున్నుతుంటే నాగలికి తగిలిన రాళ్ళు ఏరి గట్టున పేర్చారు. తర్వాత మనుషులు వెళ్ళిపోయారు, చెట్లు వచ్చాయి. గోడ మిగిలింది. నేను పద్దెనిమిదేళ్ళుగా అమెరికాలో ఉన్నాను. ఈ నేలకి నాకన్నా ముందు ఒక కథ ఉంటుందన్న ఊహ అప్పటి దాకా నాకు రాలేదు. ఇక్కడ ఏదైనా పాతదంటే మా భవనం లిఫ్టే అనుకునేదాన్ని.

చీకటి పడేలోపు ఆవిడే మమ్మల్ని కారు దాకా చేర్చారు. ఆ శనివారం నుంచి వారం వారం వెళ్ళడం మొదలుపెట్టాం. మా ఆయన మొదట్లో ఆశ్చర్యపోయారు. “అంత దూరం వెళ్తున్నారు, అసలు అక్కడేముంది?” అన్నారు.

“రాళ్ళు,” అన్నాను.

ఆవిడతో నడవడమంటే పది అడుగులకోసారి ఆగడం. ఒకసారి ఓక్ చెట్ల మధ్య చతురస్రంగా ఒక గొయ్యి చూపించారు. అది ఒక ఇంటి నేలమాళిగ అన్నారు. పైన ఇల్లు లేదు, తలుపు లేదు. గొయ్యికి నాలుగు అడుగుల దూరంలో మాత్రం లైలాక్ పూలపొద ఒకటి ఏపుగా పెరిగి ఉంది. గుమ్మం పక్కన ఎవరో ఇల్లాలు నాటి ఉంటుంది, అంటే గుమ్మం ఇటు వైపు, అని ఆవిడ చేత్తో గాలిలో తలుపు గీశారు. నా స్నేహితురాలు ఆ లేని గుమ్మం ముందు చెప్పులు విప్పబోయినట్టు నటించింది. ముగ్గురం నవ్వాం. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం ఆ గొయ్యి అంచు తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చాం. ఎవరూ చెప్పలేదు, అలా వచ్చేశాం.

నవంబరు మొదట్లో ఆవిడ మమ్మల్ని ఇంటికి పిలిచారు. భోజనాల బల్ల నిండా కాగితాలు. మొదటి రోజు ఆ టేపు ఎందుకు పట్టుకున్నామో అప్పుడు చెప్పారు.

పక్క టౌన్‌లో ఒకాయన ఉన్నారు. పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. నల్లజాతి మనిషి. ఆయన ఇంటిపేరు, రెండు వందల ఏళ్ళ కిందట ఈ గోడ లోపలి పొలానికి యజమాని అయిన తెల్ల రైతు ఇంటిపేరు ఒకటే. ఆ రోజుల్లో న్యూజెర్సీలో కూడా బానిసలు ఉండేవారని, వాళ్ళలో చాలామందికి యజమాని ఇంటిపేరే మిగిలిందని నాకు ఆ బల్ల దగ్గరే తెలిసింది. తనవాళ్ళని పూడ్చిన చోటు ఆ పొలంలో ఎక్కడో ఉందని నాయనమ్మ చెప్పేదని ఆయన లైబ్రరీలో ఆవిడతో అన్నారట. అప్పటి నుంచి రెండేళ్ళుగా ఆవిడ వెతుకుతున్నారు.

ఒక కాగితం నా ముందుకు జరిపారు. పాత దస్తావేజు నకలు. అక్షరాలు సాగదీసిన చేతిరాత. కళ్ళు అలవాటు పడ్డాక చదివాను. రోడ్డు దగ్గర మొదలుపెట్టి, రాతిగోడ వెంబడి తూర్పుగా పద్నాలుగు గొలుసులు, వాగు దాకా. అక్కడి నుంచి వాగు ఎగువకి మూడు గొలుసులు. ఆ మూల పావు ఎకరం, పొలంలో పనివాళ్ళను పూడ్చే చోటు గనక, ఈ అమ్మకంలో చేరదు.

“గొలుసు అంటే...” అని ఆవిడ వివరించబోయారు.

“అరవై ఆరు అడుగులు. వంద లింకులు,” అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

మా నాన్న దస్తావేజు లేఖరి. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ఆయన బల్ల ఉండేది. వేసవి సెలవుల్లో నేను ఆయన ఎదురుగా కూర్చుని అసలు కాగితం పైకి చదివితే, ఆయన నకలు సరిచూసుకునేవారు. తొమ్మిదేళ్ళ పిల్లకి గొలుసులు, లింకులు, సెంట్లు అన్నీ నోటికి వచ్చు. నాన్న అన్నిటికన్నా జాగ్రత్తగా చూసేది చెక్కుబంది, అంటే పొలానికి నాలుగు వైపులా ఏముందో రాసే భాగం. తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం బళ్ళు వెళ్ళే పుంత, ఇలా. ఇవన్నీ నాకు ఎప్పుడైనా పనికొస్తాయని, అదీ ఇక్కడ పనికొస్తాయని నేను అనుకోలేదు.

ఆ శనివారమే ముగ్గురం వెళ్ళి మళ్ళీ కొలిచాం. పొలం ఇప్పుడు గడ్డి పెంచే ఒక రైతుది. ఆయన అనుమతి ఆవిడ ముందే తీసుకున్నారు. రోడ్డు అంచున మొదలుపెట్టి, వంద అడుగుల టేపుని తొమ్మిది సార్లు జరిపి, ఆ పైన ఇరవై నాలుగు అడుగులు. టేపు ఆగిన చోట వాగు లేదు. ఇంకా రెండు వందల అడుగుల దూరాన, చెట్ల వెనక ఉంది.

“ప్రతిసారీ ఇంతే,” అన్నారావిడ. “ఈ రెండు వందల ఏళ్ళలో వాగు అటు జరిగి ఉంటుందని నా ఊహ. అందుకే టేపు ఆగిన చోటి నుంచి పైకి వెతికాను. మూడుసార్లు. ముళ్ళు తప్ప ఏమీ లేవు.”

నేను కాగితం మళ్ళీ చదివాను. కొలతకీ హద్దుకీ పొంతన కుదరనప్పుడు నాన్న ఎప్పుడూ హద్దు వైపే ఉండేవారు. గొలుసు పట్టినవాడు లెక్క తప్పుతాడు, వాగుని చూసినవాడు వాగుని తప్పు చూడడు కదా అనేది ఆయన వాదన.

“ఇందులో వాగు దాకా అని ఉంది కదండీ,” అన్నాను. “మనం పద్నాలుగు గొలుసులు వదిలేసి ముందు వాగు దగ్గరికి పోదాం. వాగు జరగలేదేమో. రోడ్డే జరిగిందేమో.”

నేను అతి చేశానేమో అనిపించింది. తర్వాత ఆవిడ పెన్సిలుతో తన నోటుపుస్తకంలో ‘రోడ్డు’ అని ఒకటే ముక్క రాసుకున్నారు. నలభై ఏళ్ళు భూగోళం చెప్పాను, రోడ్డు గురించి ఆలోచించనే లేదు, అని తనలో తను గొణుక్కున్నారు.

రోడ్డు సంగతి తేలాకే వాగు ఎగువకి వెళ్దామని, రెండు వారాలు ఆవిడ పటాలు తిరగేశారు. ఒకదానిలో రోడ్డు ఆ చోట తూర్పుకి వంగి, బురదనేలని చుట్టి పోతోంది. తర్వాతి కాలపు పటంలో తిన్నగా ఉంది. డిసెంబరు మొదటి శనివారం వెళ్ళి చూస్తే, ఇప్పటి రోడ్డుకి లోపలగా, చెట్ల మధ్య, బండి పట్టేంత వెడల్పున ఒక పల్లపు గాడి ఉంది. ఆకులు నిండిపోయి ఉంది గానీ దారే. దాని అంచు నుంచి టేపు పట్టాం. నా స్నేహితురాలు ముందు నడుస్తూ అంకెలు గట్టిగా అరుస్తోంది. చివరికి, “అక్కా, నా బూట్లు తడుస్తున్నయ్,” అంది.

వాగులో నిలబడి ఉంది. పద్నాలుగు గొలుసులకీ వాగుకీ తేడా నాలుగు అడుగులు కూడా లేదు.

అప్పటికే పొద్దు వాలుతోంది. ఎగువకి వెళ్ళి చూసేందుకు వెలుతురు చాలదని ఆగిపోయాం. ఆ సోమవారం నుంచి జింకల వేట మొదలైంది, అడవిలో తిరగడం మంచిది కాదన్నారు. అది ముగిసేలోపు మంచు పడింది, కరగకుండానే దాని మీద మళ్ళీ పడింది.

జనవరిలో నా స్నేహితురాలి ఉద్యోగం పోయింది. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులే గడువు, లేదంటే దేశం వదలాలి. నడకలు ఆగిపోయాయి. తను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంటర్వ్యూల్లో ఉండేది. నేను మజ్జిగ పులుసో, పప్పో చేసి ఇచ్చి వచ్చేదాన్ని. యాభై రెండో రోజున దేశానికి పడమటి వైపున చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. వారంలో సామాను సర్దేసింది. లిఫ్టు దగ్గర నన్ను పట్టుకుని, “ఆ జాగ దొరికితే నాకు ఫొటో పెట్టాలె అక్కా. నేను గూడ టేపు పట్టిన,” అంది.

“నువ్వు లేకుండా నేనెలా వెళ్తాను, నాకు హైవే మీద డ్రైవింగ్ భయమని తెలుసు కదా,” అన్నాను.

“ట్రైన్ ఉంది కదా. సాకులు చెప్పకు.”

తను వెళ్ళాక నెలన్నర పాటు నేను ఇల్లు కదల్లేదు. నది ఒడ్డుకి కూడా పోలేదు. ఏప్రిల్‌లో ఆవిడ నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది. మంచు పోయింది, శనివారం స్టేషన్‌కి వచ్చి నిన్ను ఎక్కించుకుంటాను, అని. వస్తావా అని అడగలేదు. రైలెక్కి చివరి స్టేషన్ దాకా వెళ్ళాను.

గోడ వాగుని తాకే చోటి నుంచి ఎగువకి మూడు గొలుసులు కొలుచుకుంటూ ఎక్కాం. అక్కడ నేల కాస్త మెరకగా ఉంది. ఏ చెట్టుకీ ఇంకా ఆకు లేదు, అంతా బూడిదరంగు. ఆ మధ్యన మాత్రం నేలంతా ముదురాకుపచ్చగా ఒక తీగ పరుచుకుని ఉంది, నిండా చిన్న చిన్న నీలం పువ్వులతో. ఐదు రేకులు, మధ్యలో చిన్న చుక్క. నేను వంగి చూశాను.

“ఇది మా ఊళ్ళో ప్రతి ప్రహరీ పక్కనా ఉంటుందండీ,” అన్నాను. “బిళ్ళగన్నేరు. కాకపోతే మాది గులాబీ రంగు, నిలువుగా పెరుగుతుంది. దీనికి అదేదో దగ్గర చుట్టంలా ఉంది.”

ఆవిడ కదలకుండా నిలబడిపోయారు. “అది ఇక్కడి మొక్క కాదు,” అన్నారు నెమ్మదిగా. “సముద్రం అవతలి నుంచి తెచ్చినది. దానంతటది అడవిలోకి రాదు, ఎవరైనా నాటాల్సిందే. చలికాలంలో కూడా పచ్చగా ఉంటుందని ఇక్కడివాళ్ళు దాన్ని సమాధుల మీద నాటేవారు.”

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని తీగ పక్కకి తప్పించాం. మొదటి రాయి నా చేతికే తగిలింది. పొలంలో ఏరిన మామూలు రాయి. చెక్కలేదు, దాని మీద ఒక్క అక్షరం లేదు. కానీ నిటారుగా పాతి ఉంది. దానికి తూర్పున ఇంకొకటి, చిన్నది. తల దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి. మధ్యాహ్నం అయ్యేసరికి పదకొండు జతలు లెక్కపెట్టాం.

ఆవిడ ఒక్కొక్క జతకీ మధ్య దూరం కొలిచి పైకి చదువుతుంటే నేను నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఐదున్నర అడుగులు. ఆరు. ఐదు. ఏడో జత దగ్గర టేపు పట్టాక ఆవిడ ఏమీ చదవలేదు. నేను తలెత్తి చూశాను. రెండు రాళ్ళకీ మధ్య నా చెయ్యంత దూరం కూడా లేదు. ఆ గడి ఖాళీగానే వదిలి తర్వాతి దానికి వెళ్ళాం. అలాంటివే ఇంకో రెండు ఉన్నాయి.

రైలు కోసం ఎదురుచూస్తూ కారులో కూర్చున్నప్పుడు ఆవిడ ఇంకో నకలు చూపించారు. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ తెల్ల రైతు చనిపోయాక అతని ఆస్తి రాసిన జాబితా. ఆవులు, దూడలు, నాగళ్ళు, ఇనుప పాత్రలు. వాటి మధ్యలో ఒక వరుస: ఒక స్త్రీ, ఆమె బిడ్డ. పేర్లు లేవు. నాగలికి మాత్రం కొత్తదని రాసి ఉంది.

తిరుగు రైలులో నాన్న దస్తావేజులే గుర్తొచ్చాయి. బావి, మామిడి చెట్లు, కొబ్బరి చెట్లు ఎన్నో సహా రాసేవారు. చుట్టూ ఉన్న పొలాల వాళ్ళ పేర్లు ఇంటిపేర్లతో సహా ఉండేవి. ఆ పొలం దున్నినవాళ్ళ పేరు ఒక్క కాగితంలోనూ ఉన్నట్టు గుర్తులేదు. వందల కాగితాలు పైకి చదివాను. వాళ్ళెవరని ఒక్కసారి కూడా అడగలేదు. నాన్న అబద్ధం రాసే మనిషి కాదు. ఆ కాగితంలో వాళ్ళకి గడి లేదు, అంతే. అంతే అని నాకు నేను చెప్పుకున్నాను గానీ అది నాకు సరిపోలేదు. ఇప్పటికీ సరిపోలేదు.

పువ్వుల ఫొటో చాండ్లర్‌కి పంపాను. తను వెంటనే ఫోన్ చేసింది. జరిగినదంతా చెప్పాను. చివర్లో, “ఆ పోస్ట్‌మ్యాన్ సార్‌కి ఎవరు చెప్తరు అక్కా?” అని మాత్రం అడిగింది.

ఆవిడే చెప్పారు. మే నెలలో ఆయన వచ్చారు. పొడుగాటి మనిషి, ఎండకి పెద్ద అంచు టోపీ. ఉత్తరాలు పంచిన కాళ్ళు కదా, మా ఇద్దరికన్నా వేగంగా నడిచారు. మెరక మీదికి వచ్చాక ఆగారు. రాళ్ళ వైపు చూడలేదు. తల ఒక పక్కకి వంచి వింటున్నారు.

“నీళ్ళు వినపడుతున్నాయి,” అన్నారు. “కానీ కనపడటం లేదు.”

నిజమే. గట్టు వంపు వల్ల అక్కడి నుంచి వాగు కనపడదు. చప్పుడు మాత్రం వస్తూనే ఉంటుంది. అంతకు ముందు నేను గమనించలేదు.

“నాయనమ్మ అలాగే చెప్పేది. నీళ్ళు వినపడతాయి, కనపడవు, అక్కడ ఉన్నారు మనవాళ్ళు, అని. ఏదో దేవుడి పాటలో మాట అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.” టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. “దారి చెప్తోందని అనుకోలేదు.”

ఆ తర్వాత ఒక్కొక్క రాయి దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. చిన్న జత దగ్గర కూర్చున్నారు. మేం దూరంగా గోడ దగ్గరికి వచ్చేశాం. అరగంట తర్వాత ఆయన వచ్చి నన్ను అడిగారు.

“వాగు నుంచి చూడమని మీరే అన్నారట. ఎలా తట్టింది?”

నాన్న పని గురించి చెప్పాను. రేకుల షెడ్డు, గొలుసు, చెక్కుబంది. ఆయన శ్రద్ధగా విన్నారు. అడ్రసు సరిగ్గా రాయని ఉత్తరాలు చేర్చడం కూడా అలాగేనట. అంకె తప్పు ఉండొచ్చు, పక్కన ఉన్న చర్చిని చూసుకుని వెళ్ళాలి అన్నారు.

ఆ చోటుని కౌంటీ రికార్డుల్లో ఎక్కించడానికి ఒక ఫారం నింపాలి. స్థల వివరణ నన్ను రాయమని ఆవిడ పట్టుబట్టారు. కారు బానెట్ మీద పెట్టుకుని ఇంగ్లీషులోనే, నాన్న వరసలో రాశాను. తూర్పు వాగు, దక్షిణం రాతిగోడ, పడమర గడ్డిపొలం, ఉత్తరం ఓక్ చెట్లు. ఆ కిందన ఎవరున్నారన్న గడి దగ్గర ఆగాను. ఆయన కలం తీసుకుని, పదకొండు మంది, మా వాళ్ళు, అని రాశారు. అలా రాస్తే ఒప్పుకుంటారో లేదో అన్నారావిడ. ఒప్పుకోకపోతే మళ్ళీ రాస్తాను అన్నారాయన. తర్వాత తెలిసింది, ఒప్పుకున్నారు. ఇప్పటి గడ్డిపొలం రైతు కూడా గోడ వెంబడి ఆ మెరక దాకా మనిషి నడిచేంత వెడల్పున గడ్డి కోస్తూ దారి ఉంచుతున్నారు. బోర్డు ఏమీ పెట్టలేదు. పెట్టాలా వద్దా అన్నది పోస్ట్‌మ్యాన్ గారు తన చెల్లెళ్ళతో మాట్లాడి చెప్తానన్నారు, ఇంకా చెప్పలేదు.

ఆ రోజు నన్ను స్టేషన్‌కి దింపే బాధ్యత ఆయన తీసుకున్నారు, ఆవిడ కూడా బండెక్కారు. దారిలో ఒక పాలకేంద్రం ముందు బండి ఆపి, ఇక్కడ ఐస్‌క్రీమ్ బాగుంటుంది, ఈ రూట్‌లో పనిచేసినన్నాళ్ళూ ఎండాకాలం రోజూ ఇక్కడే ఆగేవాణ్ణి అన్నారు. షుగర్ సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. ముగ్గురం బయట చెక్కబల్ల మీద ఎండలో కూర్చుని తిన్నాం. ఆయన ఆ దారిలో తనని తరిమిన కుక్కల గురించి చెప్తున్నారు, ఆవిడ ఆ కుక్కల యజమానుల్లో ఎవరెవరు తన బడిలో చదివారో చెప్తున్నారు. రైలుకి ఇంకా నలభై నిమిషాలు ఉంది. ఎవరం లేవలేదు.